తెలిసి నమ్ముదాము



ఈసారి ఒక చిన్న పనిని గూర్చి, ఆ పని మన ముందు ఉంచే ఒక ప్రశ్నను గూర్చి మీతో కలిసి ఆలోచించదలచాము. కారు ఇంజనులోనికి పోయే గాలిని వడగట్టే ఎయిర్ ఫిల్టరును ఇంటి దగ్గరే మార్చుకోవడము ఆ పని. మన చేతనయ్యే పనికి ఇంకొకరిని నమ్మి డబ్బివ్వాలా, లేక మనమే చేసుకోవాలా అనేది ఆ ప్రశ్న. పావుగంట పనిలో ధర్మాధర్మ విచారణ ఏమున్నదని కొందరు నవ్వవచ్చు. కాని మనిషి న్యాయబుద్ధి పెద్ద పెద్ద పరీక్షలలో కంటె, బిల్లు చేతికి వచ్చిన క్షణములోనే ఎక్కువగా బయటపడుతుంది. గనుక కాస్త ఓపికతో చదవండి.

ఫిల్టరు చేసే పని

పెట్రోలు తనంతట తాను మండదు; దానికి గాలి కావాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి అవసరమని ఇంజనీర్లు లెక్క కట్టారు. అంటే ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి. ఒక మనిషి ఒక రోజంతా పీల్చే గాలికి ఇది ఇంచుమించు సమానము. లీటరుకు 15 కి.మీ. నడిచే కారు ఏడాదికి 15 వేల కి.మీ. తిరిగిందనుకుందాము. వెయ్యి లీటర్ల పెట్రోలు తాగి, దానితో పాటు 90 లక్షల లీటర్ల గాలిని పీల్చుకుంటుంది.

ఆ గాలి ఎటువంటిదో మనకు తెలుసు. క్రషర్ల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర, వేసవిలో మట్టి రోడ్ల మీద ముందు పోయే లారీ వెనుక మనము కిటికీ అద్దాలు ఎత్తుకుంటాము. ఇంజను తన ముక్కు మూసుకోలేదు. ఆ దుమ్ములో పలుగురాయి పొడి ఉంటుంది. గట్టితనమును కొలిచే మోస్ కొలమానములో వజ్రము 10 అయితే పలుగురాయి 7. అది మామూలు ఇనుము కంటె గట్టిది. తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. ఇంజనుకు కీడు చేసే రేణువులు చాలావరకు 20 మైక్రాన్ల కంటె చిన్నవి. కంటికి ఆనని ఆ పొడి సిలిండరు గోడకు, పిస్టన్ రింగులకు మధ్య చేరి ఆకురాయిలాగా అరగదీస్తుంది. కొంతకాలానికి ఇంజను ఆయిలు తాగడము మొదలుపెడుతుంది, వెనుక నీలి పొగ వస్తుంది, బండి బలము తగ్గుతుంది.

ఈ కీడును ఆపేది ఒక కాగితము. రెసిన్ పట్టించిన ఆ కాగితమును విసనకర్రలాగా మడతలు మడతలుగా పెడతారు. చిన్న పెట్టెలోనే ఎక్కువ వైశాల్యము ఇమడడానికే ఆ మడతలు. చుట్టూ అంచుకు రబ్బరు సీలు ఉంటుంది. కాగితము ఎంత మంచిదైనా, సీలు సరిగా కూర్చోకపోతే దుమ్ము పక్క దారిన పోతుంది. కార్బురేటరు ఉన్న పాత కార్లలో ఇది గుండ్రని రేకు డబ్బాలో ఉండేది. పాత ట్రాక్టర్లలో నూనె తొట్టి ఫిల్టర్లు ఉండేవి. నేటి కార్లలో చాలావాటికి బానెట్ కింద నల్లని ప్లాస్టిక్ పెట్టెలో పలకలాగా ఉంటుంది. బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ కార్లకు ఇంజనే లేదు గనుక ఈ ఫిల్టరూ ఉండదు.

మార్చే పద్ధతి

బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, చల్లారనివ్వాలి. బానెట్ ఎత్తి ఫిల్టరు పెట్టె ఎక్కడున్నదో కారుతో ఇచ్చిన పుస్తకములో చూసుకోవాలి. మూతకు క్లిప్పులైనా ఉంటాయి, స్క్రూలైనా ఉంటాయి. స్క్రూలైతే విప్పినవాటిని ఒక గిన్నెలో వేసుకోవాలి. ఒక్కటి జారి పైపులో పడితే చిన్న పని పెద్ద పనవుతుంది. మూత ఎత్తేటప్పుడు వైర్లు తగిలించి ఉంటే లాగకూడదు. కొన్ని కార్లలో అక్కడే గాలిని కొలిచే సెన్సారు ఉంటుంది. పాత ఫిల్టరు ఏ వైపు పైకి ఉన్నదో గమనించి మెల్లగా తీయాలి. పెట్టె అడుగున ఎండుటాకులు, చచ్చిన పురుగులు ఉంటాయి. ఒక్కొక్కప్పుడు ఎలుక గూడు కూడా కట్టి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఇంజను వైపు పోయే దారిలో ఏమీ పడకుండ చూసుకోవాలి. కొత్త ఫిల్టరును అదే వైపుగా పెట్టి, సీలు చుట్టూ సమానముగా కూర్చున్నదో లేదో వేలితో తడిమి, మూత వేసి క్లిప్పులన్నీ బిగించాలి. అంతే.

కాగితపు ఫిల్టరును నీళ్ళతో కడగకూడదు. కంప్రెసర్ గాలిని దగ్గరగా పెట్టి గట్టిగా కొట్టినా కాగితము చిరుగుతుంది. కంటికి కనబడని చిరుగు కనబడే దుమ్ము కంటె ప్రమాదము. ఎన్నాళ్ళకు మార్చాలనేది కంపెనీని బట్టి, రోడ్డును బట్టి ఉంటుంది. మన దేశములో చాలా కార్లకు 20 వేల నుండి 40 వేల కి.మీ. మధ్య మార్చమంటారు, దుమ్ము ఎక్కువున్న చోట ఇంకా ముందే. చిన్న కార్ల ఫిల్టరు ఖరీదు కొన్ని వందల రూపాయలు.

రెండు వాదములు

ఇప్పుడు ప్రశ్నకు వద్దాము. మనమే చేసుకోవాలనేవారు చెప్పేది ఇది: మన వస్తువును మనము చూసుకోవడములో ఒక గౌరవము ఉన్నది. ఇల్లు ఊడ్చుకోవడానికి, బొత్తాము కుట్టుకోవడానికి ఇంకొకరి కోసము ఎదురుచూసేవాడు ఎంత చదివినా అసహాయుడే. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీగారు చేతిపని ద్వారా చదువు చెప్పాలన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఇటువంటి ఆలోచనే. ట్రైనింగు పొందిన ఉపాధ్యాయులముగా మేమూ ఆ పాఠము నేర్చుకున్నవారమే: తెలిసినదాని నుండి తెలియనిదానికి, చేతితో ముట్టినదాని నుండి మనసుతో గ్రహించవలసినదానికి పిల్లవాణ్ణి తీసుకుపోవాలి.

ఇతరులకు అప్పగించాలనేవారి వాదమూ తక్కువది కాదు. 1776లో ఆడమ్ స్మిత్ తన గ్రంథములో గుండుసూదుల కార్ఖానాను వర్ణించాడు. ఒక్కడే మొదటి నుండి చివరి వరకు చేస్తే రోజుకు 20 సూదులైనా చేయలేడు. పదిమంది పని పంచుకొని చేస్తే రోజుకు 48 వేలు తయారయ్యాయి. ఎవరి పని వారు చేస్తేనే లోకము నడుస్తుంది. అంతేకాదు, మనకు పావుగంట కాలక్షేపమైనది షెడ్డు పెట్టుకున్నవానికి బియ్యము, పిల్లల ఫీజు. మన వంద రూపాయలు మిగిలితే అతని వంద రూపాయలు పోతాయి.

ఈ మాటకు పెద్దల బలము కూడ ఉన్నది. 1904లో జోహాన్నెస్‌బర్గ్ నుండి డర్బన్ పోయే రైలులో గాంధీగారు రస్కిన్ రాసిన 'అన్ టు దిస్ లాస్ట్' చదివారు. ఆ పేరు ద్రాక్షతోట కూలీల ఉపమానము నుండి తీసుకున్నదని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 1908లో దానినే 'సర్వోదయ' అనే పేరుతో గుజరాతీలో రాశారు. వకీలు పనికీ మంగలి పనికీ ఒకే విలువ, ఎందుకంటే తన పనితో బ్రతికే హక్కు ఇద్దరికీ ఒకటే అని ఆయన దాని నుండి గ్రహించారు.

రెండు వాదములూ నిజమే. అయితే మనవారి మధ్య ఈ సంగతి నడిచే తీరు చూస్తే, ఈ రెండు వాదములలో దేనివలన కూడ మనము నిర్ణయము చేసుకోవడము లేదు. మనలో చాలామంది ఇంటి దగ్గర చేసుకోరు, షెడ్డువాణ్ణి నమ్మరు. బండి అప్పగిస్తారు, డబ్బిస్తారు, ఇంటికి వచ్చి దొంగ అంటారు. మా బాధ దీనిని గూర్చియే.

ఒక బిల్లు కథ

మాకు తెలిసిన ఒక రిటైర్డు ఉద్యోగి, కర్ణాటకలో ఒక పట్టణములో నలభై ఏళ్ళుగా స్థిరపడ్డవారు, బండి సర్వీసుకు ఇచ్చారు. బిల్లులో ఫిల్టరు అనే మాట మూడుసార్లు ఉన్నది. ఉన్నది ఒక కారు, మూడు ఫిల్టర్లు ఎక్కడివి అని ఆయన అక్కడ అడగలేదు. డబ్బు కట్టి వచ్చి మనవారి మధ్య చెప్పారు. "మనము తెలుగువాళ్ళము, పెద్దవాళ్ళము, ఏమీ తెలియదనుకొని ఒకే సామానుకు మూడుసార్లు వేశాడు" అన్నారు. విన్నవారిలో తలా ఒక అనుభవము చెప్పారు. కొన్ని నెలలలో ఏడెనిమిది తెలుగు కుటుంబాలు ఆ షెడ్డుకు పోవడము మానేశాయి.

పాలిటెక్నిక్ చదివే మనవరాలు సెలవులకు వచ్చి, "తాతయ్యా, ఒకసారి బానెట్ తియ్యండి" అన్నది. ఇంజనుకు గాలి వడగట్టే ఫిల్టరు చూపించింది. ఆయిలును వడగట్టే ఫిల్టరు వేరే ఉన్నదని చూపించింది. తరువాత లోపల డాష్‌బోర్డు సొరుగు వెనుక నుండి మూడవదాన్ని తీసి, మనము కూర్చునే చోటికి వచ్చే ఏసీ గాలిని వడగట్టేది ఇదని చెప్పింది. మూడూ కొత్తవే. మూడూ బిల్లులో ఉన్నవే.

ఆయన మంచివారు గనుక మరునాడే షెడ్డుకు పోయి, పొరపాటున మాట జారామని చెప్పి వచ్చారు. ఆ మెకానిక్కు, "అయ్యా, ఆరోజే అడిగి ఉంటే మూడూ చేతిలో పెట్టి చూపించేవాణ్ణి కదా" అన్నాడట. అయితే అటు నుండి మానుకున్న కుటుంబాలలో తిరిగి వచ్చినవి రెండే. చాడీకి కాళ్ళెక్కువ, సవరణ కుంటుకుంటూ వస్తుంది.

ఈ కథలో దొంగ లేడు. ఆ మెకానిక్కు న్యాయముగా చేశాడు, మన పెద్దాయన కూడ అబద్ధము చెప్పదలచినవారు కారు. అయినా ఒక కష్టజీవికి అన్యాయము జరిగింది. తెలియనితనము ఒక్కటే దాని కారణము. తెలియకపోవడము తప్పు కాదు. తెలియకుండ తీర్పు చెప్పడము మాత్రము తప్పే, ఎందుకంటే దాని ఖరీదు మనము కట్టము, ఎదుటివాడు కడతాడు.

మన విషయములో దీనికి ఇంకొక ముడి ఉన్నది. మనము ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడేవారము. బెంగుళూరులో కన్నడము, మద్రాసులో తమిళము, బరంపురములో ఒడియా, షోలాపురములో మరాఠీ. సామాను పేర్లు ఆ భాషలో అడగడానికి సంకోచిస్తాము. అడగలేని ప్రశ్న లోపల పులిసి అనుమానమవుతుంది. ఆ అనుమానము ఒక మనిషి మీద ఆగదు. "ఈ ఊరివాళ్ళంతా ఇంతే" అనే దాకా పోతుంది. మన తాతముత్తాతలు ఈ ఊళ్ళకు ఏ పనులకు వచ్చారో మరచిపోవద్దు. షోలాపురములో మగ్గాలకు, బొంబాయిలో కట్టడపు పనులకు, కోలారులో బంగారు గనులకు వచ్చారు. పరాయి ఊరిలో వాళ్ళూ కూలివాళ్ళే, వాళ్ళ చేతుల వైపు కూడ అనుమానముతో చూసినవారున్నారు. ఆ చూపు ఎలా ఉంటుందో వాళ్ళ పిల్లలమైన మనకు తెలియాలి.

అనుమానము ఎవరిని దండిస్తుంది?

1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల బజారును గూర్చి ఒక వ్యాసము రాశాడు. 2001లో ఆయనకు ఇద్దరు సహచరులతో కలిపి నోబెల్ బహుమానము రావడానికి ఆ పరిశోధనే ఆధారము. దాని సారమును ఒక ఉపాధ్యాయుని భాషలో చెబుతాము. అమ్మేవానికి తన కారు మంచిదో చెడ్డదో తెలుసు. కొనేవానికి తెలియదు. గనుక కొనేవాడు ప్రతి కారునూ సగము అనుమానించి, సగటు ధర చెబుతాడు. ఆ ధరకు మంచి కారు యజమాని అమ్మడు, వెనుకకు పోతాడు. చెడ్డ కారు యజమాని సంతోషముగా అమ్ముతాడు. చివరకు బజారులో చెడ్డ కార్లే మిగులుతాయి.

దీనిని మన వీధి చివరి షెడ్డుకు అన్వయించి చూడండి. నిజాయితీగల మెకానిక్కు కొత్త ఫిల్టరు వేసి, సీలు చూసి, పెట్టె తుడిచి పంపుతాడు. మోసగాడు పాతదాన్ని గాలి కొట్టి దులిపి అదే పెట్టి, కొత్తదాని డబ్బు తీసుకుంటాడు. బానెట్ ఎత్తని యజమానికి ఇద్దరి పనీ ఒకేలాగ కనబడుతుంది. ఇద్దరినీ అతడు సమానముగా అనుమానిస్తాడు, ఇద్దరితోనూ సమానముగా బేరమాడతాడు. మోసగానికి ఆ అనుమానముతో నష్టమేమీ లేదు; ముందే ఖర్చు మిగుల్చుకున్నాడు. నష్టమంతా నిజాయితీగా చేసినవానికే. కొన్నాళ్ళకు అతనికీ ఇంత కష్టము దేనికి అనిపిస్తుంది. మనము ఎవరిని మోసగాడు అని పిలిచామో, వానిని మన తెలియనితనముతో మనమే తయారు చేసుకుంటాము.

గుడ్డిగా నమ్మడము కూడ దీనికి మందు కాదు. "అంతా మీ ఇష్టము, మాకేమీ తెలియదు" అని తాళాలు అందించడము మర్యాదలాగా కనబడుతుంది. కాని అది ఒక మనిషిని ఒంటరిగా శోధనలో నిలబెట్టడము. ఎవరూ చూడని చోట, ఎవరికీ తెలియని పనిలో, ఇంట్లో అవసరము ఉన్నప్పుడు న్యాయముగా నిలవడము అందరి వల్లా కాదు. తెలిసి చూసే కన్ను ఒకటి ఉంటే బలహీనునికి అది ఆసరా, బలవంతునికి అది మెప్పు.

గనుక మా తీర్మానము ఇది. ఫిల్టరును ఇంటి దగ్గర ఒకసారి స్వహస్తాలతో మార్చి చూడాలి. డబ్బు మిగలడము దాని ముఖ్య ప్రయోజనము కాదు, మెకానిక్కు అవసరము తీరిపోవడమూ కాదు. ఒకసారి చేసి చూసినవాడు న్యాయముగా నమ్మగలడు, న్యాయముగా అడగగలడు, న్యాయముగా మెచ్చుకోగలడు.

తెలిస్తే ఏమి మారుతుంది?

ఉదాహరణకు ఒక మాట. ఫిల్టరు మారిస్తే మైలేజీ బాగా పెరుగుతుందని చెప్పి అమ్ముతారు, పెరగకపోతే మోసపోయామంటాము. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో వెలువరించిన నివేదికలో దీనిని పరీక్షించారు. కంప్యూటరు ద్వారా పెట్రోలును కొలిచి పంపే నేటి ఇంజన్లలో ఫిల్టరు మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంత తగ్గదు, ఎందుకంటే గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలునూ తగ్గిస్తుంది. బండి వేగము అందుకోవడము మాత్రము మందగిస్తుంది. కార్బురేటరు కార్లలోనైతే మైలేజీ కూడ తగ్గేది. మైలేజీ మాట ఒకప్పుడు నిజమే. ఆ కాలములో పని నేర్చుకున్న మెకానిక్కు దానిని ఈనాటికీ చెబుతుంటే అది మోసము కానక్కరలేదు, పాత పాఠము కావచ్చు. ఈ తేడా తెలిసినవాడు కోపగించుకోడు. ఫిల్టరును ఇంజను ఆయుష్షు కోసము మారుస్తాడు.

ఇంకొకటి. ఫిల్టరు కాస్త నల్లబడగానే పాడైపోయిందనుకుంటాము. నిజానికి కాగితము మీద పేరుకున్న పలుచని దుమ్ము పొర తానే ఇంకొక జల్లెడగా పనిచేస్తుంది. కొంత వాడిన ఫిల్టరు కొత్తదాని కంటె మెరుగుగా వడగడుతుంది. గాలి ఆడనంతగా మూసుకుపోయినప్పుడే మార్చాలి. "ఇంకా 5 వేల కి.మీ. వాడండి" అన్న మెకానిక్కును పని తప్పించుకునేవాడని అనుకున్నవారిని మేమెరుగుదుము. ఆ మాట అన్నవాడు తనకు వచ్చే డబ్బును వదులుకొని నిజము చెప్పాడు. అది గుర్తించడానికి మనకు కాస్తయినా తెలిసి ఉండాలి. మోసమును పట్టుకోవడానికి ఎంత తెలివి కావాలో, మంచితనమును గుర్తుపట్టడానికి కూడ అంత తెలివి కావాలి.

ఆ దుమ్ము ఎవరి రొమ్ములోకి?

స్వయముగా చేసినవానికి ఇంకొక సంగతి తెలుస్తుంది. మా దృష్టిలో ఇదే అన్నిటికంటె బరువైనది. పాత ఫిల్టరును పైకి తీసి నేల మీద తట్టినప్పుడు లేచే దుమ్ము ఒక్కసారి ముక్కులోకి పోతే చాలు, దగ్గు వస్తుంది. మనము ఏడాదికో రెండేళ్ళకో ఒక్కసారి పీల్చే ఆ దుమ్మును షెడ్డులో కుర్రవాడు రోజంతా పీలుస్తాడు. పది బండ్ల ఫిల్టర్లు కంప్రెసర్ ముందు పెట్టి దులుపుతాడు, మూతికి చేతిరుమాలు కూడ ఉండదు.

కోలారు గనుల దగ్గర బంధువులున్న కుటుంబాలకు దీని అర్థము చెప్పనక్కరలేదు. 2001లో మూతపడేదాకా ఆ గనులలో మూడు కిలోమీటర్లకు పైగా లోతున మనుషులు పలుగురాయిని తొలిచారు. వారిలో తెలుగువారు, తమిళులు అనేకులు. ఆ పొడి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే జబ్బయింది. దానికి నయము లేదు. ఇంజను సిలిండరును అరగదీసేది, గనికార్మికుని రొమ్మును గట్టిపరచినది ఒకే రాతి పొడి. షెడ్డు కుర్రవాని దుమ్ము గని దుమ్మంతటిదని మేము అనడము లేదు. ఇంజనుకు కొన్ని వందలు పెట్టి కాగితము కొంటున్న మనము, ఆ కాగితము దులిపే పిల్లవానికి ఒక మాస్కు ఇవ్వాలని ఎందుకు తలచము అని అడుగుతున్నాము, అంతే. కిటికీ అద్దము వెనుక కూర్చున్నవానికి ఈ ప్రశ్న పుట్టదు. చేతికి మసి అంటినవానికి పుడుతుంది.

ఒక అభ్యంతరము

"ఇలాగైతే అన్నీ నేర్చుకోవాలా? డాక్టరు చెప్పింది తెలుసుకోవడానికి వైద్యము చదవాలా? మోకాళ్ళ నొప్పులతో మేము బానెట్ కింద వంగగలమా?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. అన్నీ తెలుసుకోవడము ఎవరి తరమూ కాదు. బ్రేకులు, స్టీరింగు, ఎలక్ట్రిక్ కార్ల హైవోల్టేజి బ్యాటరీ వంటివి ఇంటి దగ్గర ముట్టుకోనే కూడదు. అక్కడ మన పొరపాటుకు రోడ్డు మీద పోయే ఇంకొకరు ప్రాణము పోగొట్టుకుంటారు. వారంటీ ఉన్న బండికి దాని షరతులు చదువుకోవాలి. ఎయిర్ ఫిల్టరును మేము ఎంచుకున్నది అందుకే: ఇది ఇంటి గడపలాంటిది. ప్రమాదము తక్కువ, పనిముట్లు ఒక స్క్రూడ్రైవరు, ఒక గుడ్డ. ఇక్కడిదాకా వచ్చినవానికి లోపల ఇంకా ఎంత ఉన్నదో, తనకు తెలియనిది ఎంతో కనబడుతుంది. ఒక పనిని నిజముగా నేర్చుకోవడములో వచ్చే మొదటి ఫలము గర్వము కాదు, మిగిలిన పనులు చేసేవారి మీద గౌరవము.

వంగలేనివారు పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని, మనవడి చేతనో మనవరాలి చేతనో చేయించవచ్చు. ఆడపిల్లలను దూరము పెట్టవద్దు. రేపు ఒంటరిగా బండి నడిపి బిల్లు కట్టవలసినవారు వారే. చూడడమూ నేర్చుకోవడమే. ఆ సామాను పేర్లను మన ఊరి భాషలో కూడ పిల్లల చేత చెప్పించండి. షెడ్డువానితో వాని భాషలో ఒక ప్రశ్న అడగగలిగిన ఇంటిలో సగము అనుమానము పుట్టకముందే చస్తుంది.

ఆ పిమ్మట ఏమి చేయాలనేది ఎవరి వీలును బట్టి వారు చూసుకోవచ్చు. చేతికి తీరిక ఉంటే ఇంటిదగ్గరే చేసుకోండి. తీరిక లేకుంటే, లేదా ఆ కుర్రవాని కూలి నిలబడాలనిపిస్తే, షెడ్డుకే ఇవ్వండి. ఇస్తే మాత్రము మూడు మాటలు పాటించండి. బండి అప్పగించేటప్పుడే, మార్చిన పాత సామాను చూపించమని మర్యాదగా అడగండి. నిజాయితీగలవాడు దానికి నొచ్చుకోడు, సంతోషిస్తాడు. బిల్లులో అర్థము కాని పద్దు ఉంటే డబ్బు కట్టకముందు అక్కడే, అతని ముఖము మీదనే అడగండి. బయటికి వచ్చి పదిమందితో చెప్పవద్దు. పని బాగున్నదని మీ కంటితో చూసిన తరువాత కూలి దగ్గర గీచి బేరమాడవద్దు. చక్కగా చేశావని పేరు పెట్టి పిలిచి చెప్పండి, మీ వారికి కూడ చెప్పండి. చాడీ ఏడు ఇళ్ళు తిరిగినప్పుడు మెప్పు రెండు ఇళ్ళయినా తిరగాలి కదా.

వచ్చే సెలవు రోజున ఒక పావుగంట తీసుకొని బానెట్ ఎత్తి చూడండి. ఆ నల్లని పెట్టె మూత తీయడానికి పెద్ద చదువు అక్కరలేదు. తీసి చూసినవాడు మరునాడు షెడ్డు ముందు నిలబడినప్పుడు, ఎదుట ఉన్నవాణ్ణి దొంగగానో దేవుడుగానో కాక, తనలాగే కష్టపడి బ్రతికే మనిషిగా చూడగలడు. మనము ఒకరికొకరము బాకీ పడ్డ న్యాయములో అది మొదటి కంతు.